హాల్ టీవీ

“తాళంచెవంత లేదు, ఇందులో కంప్యూటరేంటండీ?” భార్య ఆ పుల్లలాంటిదాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

“షాపతను చెప్పాడు. టీవీ వెనక గుచ్చితే చాలట, ఫోన్లో ఉన్నవన్నీ తెరమీదికి వస్తాయట. పోయిన నెల అన్నయ్య కూడా ఇదే పట్టుకెళ్ళాడట.”

అన్నయ్య మాటెత్తగానే టైలరు గొంతు సన్నబడింది. కింది వాటాలో ఉండే అన్నావదినలతో మాటల్లేక రెండేళ్ళు. మాటలు తెగాయి గానీ వైఫై తెగలేదు. అమ్మ ఉన్నప్పుడు పెట్టించింది, ఇప్పటికీ రెండు వాటాలకూ అదే.

తప్పంతా టైలరుదే. అమ్మ పోయిన వారానికి, ఆమె ఉంగరం కనబడటం లేదని చుట్టాలందరి ముందూ వదిన సంచీ తెచ్చి హాల్లో కుమ్మరించాడు. ఉంగరం దొరకలేదు సరికదా, “అప్పుడే దాటించేసి ఉంటుంది” అని నోరు కూడా పారేసుకున్నాడు. పోయిన ఆదివారం ఆ ఉంగరం అతని పాత కోటు అస్తరులోనే దొరికింది. ఆస్పత్రిలో అమ్మ తీసిస్తే తనే జేబులో వేసుకుని మరిచిపోయాడు. జేబు చిరిగి అది లోపలికి జారిపోయింది. ఊరందరి బట్టలకూ కుట్లు వేసేవాడు తన జేబు చిరుగు చూసుకోలేదు. ఛీ, ఎంత సిగ్గుచేటు!

“పన్నెండు మెట్లు దిగి చెప్పే మాటకి సినిమా తియ్యాలా?” అంది భార్య.

“ఏ మొహం పెట్టుకుని దిగనే? వీడియో అయితే పంపేసి ఊరుకోవచ్చు. అన్నయ్యకి ఫోన్లో సరిగ్గా ఆనదు, ఏదైనా టీవీలోనే చూస్తాడు. అంత తెరమీద నా వాలకం ఎలా ఉంటుందో ముందు మనం చూసుకోవద్దూ?”

పుల్లని టీవీ వెనక గుచ్చి, పొద్దున తను మాట్లాడి తీసుకున్న వీడియో కోసం ఫోన్ తీశాడు. అందులో ‘హాల్ టీవీ’ అని కనబడింది.

“చూశావా, అప్పుడే పట్టేసింది! గట్టి పిండమే!” అని నొక్కాడు.

ఫోన్లో ‘ప్లే అవుతోంది’ అని వచ్చింది. టీవీ మాత్రం నల్లమొహం వేసుకుని కూర్చుంది. సౌండు పూర్తిగా పెంచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ మొదట్నుంచి వేశాడు. మూడోసారీ వేశాడు. ఊహూఁ.

ఆ వీడియోలో తనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. “వదినా, దొంగని నేనే. నీ కాళ్ళు పట్టుకుంటాను, క్షమించు” అంటూ ముక్కు చీదుకుంటూ ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే చచ్చేంత సిగ్గేసింది.

“నయం, పంపలేదు” అని వీడియో చెరిపేశాడు. “ఇక నావల్ల కాదు. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండిపోనీ.”

“అయితే ఆవిడ ఎప్పటికీ దొంగగానే ఉండిపోవాలా?”

టైలరు తల వంచుకుని గోళ్ళు చూసుకున్నాడు. భార్య విసురుగా లేచి, చిందరవందరగా పడున్న అట్టపెట్టె సర్దబోయి ఆగింది.

“ఇదేంటండీ, దీనికి కరెంటు తీగ వేరే ఉంది! మీరసలు కరెంటే ఇవ్వలేదు.”

“మరి ఫోన్లో ప్లే అవుతోందని చూపించిందే!”

అంతలో ఎవరో తలుపు తట్టారు. వెళ్ళి తీస్తే ఎదురుగా వదిన. రెండేళ్ళలో ఆవిడ ఆ మెట్లు ఎక్కడం ఇదే మొదలు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“వదినా, నీకో మాట చెప్పాలి...” అంటూ టైలరు చేతులు జోడించబోయాడు.

“మా టీవీలో మూడుసార్లూ చూశాంలే, ఇక కిందికి రా.”