ఇన్షిరాహ్ మేడం చీటీలు

అలెగ్జాండ్రియాలోని ఆ దస్తావేజుల కార్యాలయంలో రోజూ రాత్రి సర్వర్‌లోని ఫైళ్లన్నీ టేపు మీదికి ఎక్కుతాయి. రైలులా సాగే టేపు రెండు గంటలయ్యేసరికి నత్తలా మారి, కిర్రుమని ఆగుతూ, వెనక్కి తిరుగుతూ ప్రాణం తీస్తోంది. జబ్బేమిటో పట్టుకుందామని కంప్యూటర్ ఇంజనీరు షాహిందా ఇవాళ స్వయంగా కూర్చుంది.

కారణం తెలిశాక ఆమెకు నవ్వాగలేదు. ఇక్కడే దస్తావేజులు చూసుకుంటూ పోయినేడాది చనిపోయిన ఇన్షిరాహ్ మేడం ప్రతి దస్తావేజుకూ ఒక చీటీ రాసి, ఒక్కో చీటీనీ ఒక్కో ఫైలుగా దాచింది. మొత్తం నలభై వేలు. వాటిని ఒక్కొక్కటిగా వెతికి తెచ్చేలోగా టేపుకు మేత చాలక ఆగిపోతోంది.

"అన్నీ కలిపి ఒకే మూట కట్టేస్తా బాబాయ్," అంది.

కాపలాదారు గాబెర్ సోంపు టీ తెచ్చి పెట్టాడు. ఆ మేడలో వాళ్లిద్దరే ఉన్నారు. "ఆవిడ చీటీలు ముట్టుకుంటే డైరెక్టరుకే చీవాట్లు తప్పేవి కావు ఇంజనీరమ్మా. నీకెంత ధైర్యం."

"ఆవిడొచ్చి తిడితే నీ పేరు చెప్తాలే."

చీటీలన్నిటినీ ఒకే ఫైలుగా మూట కట్టి, వాటి పాత ఫోల్డర్ ఖాళీ చేసి, టేపును మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడా తడబడలేదు. గదంతా ఒకటే సన్నని రొద. ఇద్దరూ తీరిగ్గా టీ అందుకున్నారు.

అప్పుడు కిర్రుమంది. ఒక్కసారే.

షాహిందా తెర వైపు చూసింది. ఇందాక ఖాళీ చేసిన ఫోల్డర్లో ఒక చిన్న ఫైలు ఉంది. పుట్టి నిమిషమైనా కాలేదు. తెరిచింది.

"నా చీటీలు మూట కట్టిందెవరు?"

గాబెర్ కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"నా పేరు మాత్రం చెప్పకు తల్లీ," అన్నాడు.