పిచ్చుకవ్వ ఇచ్చిన ఒక్క నార

వాగు మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళే. ఈ పక్షుల్లో గూడు అల్లే పని మగవాడిది. మన ఇళ్ళలో పని ఎవరిదన్న చర్చ ఇప్పుడు వద్దు లెండి, కథ ఆగిపోతుంది. ఒక గిజిగాడు గొప్పకు పోయి, పొరుగువాళ్ళ దగ్గర నార అప్పు తెచ్చి ఒకేసారి రెండు గూళ్ళు అల్లాడు. గాలివానకు రెండూ వాగులో పడ్డాయి.

భార్య గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. దూరాన ఉన్న చెరుకుతోట నుంచి తానొక్కడే నార మోస్తే గూడు అప్పటికి కాదు. మళ్ళీ అడిగితే పొరుగువాడు నవ్వాడు. "నీకెందుకు బావా, నేనే వాగులో పారేస్తాలే!"

పక్కనున్న తుమ్మచెట్టు మీది ముసలి పిచ్చుక మాత్రం తన గూట్లోంచి ఒక్క నార పీకి ఇచ్చింది. "పొద్దుగూకేలోగా తిరిగివ్వాలి మనవడా."

"ఒక్కదానితో ఏం అల్లను అవ్వా?"

"ముందు తీసుకో."

సాయంత్రానికి చెరుకాకు చీల్చి పచ్చనార తెచ్చిచ్చాడు. అవ్వ దాన్ని అందరికీ కనపడేలా గూటి ముందు వేలాడదీసింది. మర్నాడు రెండిచ్చింది, రెండూ తిరిగొచ్చాయి. గూటి ముందు పచ్చనార పెరుగుతుంటే ఈతచెట్టంతా చూసింది. ఒక ఉదయం ఆ పొరుగువాడే నారకట్ట తెచ్చి పడేశాడు. "పాతబాకీ మెల్లగా తీర్చు బావా. ముందు చెల్లెలికి గూడు కానీ."

వాన మొదలయ్యేసరికి గుడ్లు వెచ్చగా గూట్లో ఉన్నాయి. బాకీలన్నీ తీరాక గిజిగాడు తుమ్మచెట్టు మీద వాలాడు.

"అవ్వా, నీకింకేమీ బాకీ లేను కదూ?"

"లేవురా."

"ఒక్క నార అప్పుంచుకోనా? రోజూ నీ దగ్గరికి రావడం అలవాటైపోయింది."