సీతాఫలం చీర

"గా లెన్సు వద్దు సారూ. గిది పెట్టి తియ్యుండ్రి."

నిరోష వేలు పెట్టి మరీ చూపించింది. అమరేందర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాడు. ఏ లెన్సు పెట్టాలో నేతగాడి కోడలు చెప్పడం మాత్రం ఇదే మొదలు.

ఆమె ఊరికే చెప్పడం లేదు. వారం కింద ఆయన వచ్చినప్పుడే మూడు లెన్సుల గుట్టూ అడిగి తెలుసుకుంది. ఒకటి గదినంతా పట్టేది. ఒకటి మనిషి కన్ను చూసినంతే చూసేది. మూడోది దగ్గరి లెన్సు, పోగు మీద పోగు ఎలా పడిందో కూడా చూపిస్తుంది. ఆ మూడోదాన్ని ఆ రోజు పెట్టెలోంచి తీయనివ్వలేదు. పైగా ఆయన కారు నంబరు తలుపు వెనక బొగ్గుతో రాసి పెట్టుకుంది.

చండూరు దగ్గరి ఊరు. ఇల్లు ఆమె మామ భీమయ్యది. పోగులకు ముడులు కట్టి, ముందే రంగు అద్ది నేసే ఇక్కత్‌లో యాభై ఏళ్లు గడిపిన మనిషి. ఆయన నేసిన సీతాఫలం చీర ఒకప్పుడు ఊరూరా పేరు మోసింది. ఒళ్లంతా కాయ మీద ఉన్నట్టే ఆకుపచ్చ కళ్లు, కొంగుకు పండు విచ్చుకున్నంత తెలుపు. పేరు చీరకే వచ్చింది. నేసినవాడు ఎవడని ఎవరూ అడగలేదు.

ఇన్నాళ్లకు అడిగారు. హైదరాబాద్‌లో చేనేతకు కొత్తగా ఒక గ్యాలరీ పెడుతున్నారు. అందులో ఆ చీర ఫోటోను మనిషెత్తు ప్రింటు వేసి, కింద భీమయ్య పేరు రాస్తారు. అమరేందర్‌ను పంపింది వాళ్లే. ఆయనది పెళ్లిళ్లలో కనిపించే కెమెరా కాదు. మీడియం ఫార్మాట్ డిజిటల్. గోడంత ప్రింటు వేసినా బొమ్మ చెదరదు.

పని అయిపోయిందిగా, మళ్లీ ఎందుకొచ్చినట్టు?

"గిది చూడు చెల్లే" అంటూ అమరేందర్ ఒక కాగితపు చుట్టను మంచం మీద విప్పాడు. మొదటిసారి తీసిన ఫోటోకు నమూనా ప్రింటు. "నువ్వేమో నన్ను గుమ్మం కాడనే ఆపితివి. రంగు రంగు కలిసే కాడ చూడు, కత్తితోని కోసినట్టున్నది. ఇక్కత్ అంటే గక్కడ జర చెదరాలె గదా? కాయితం మార్చిన, సిరా మార్చిన, లాభం లేదు. దూరం నుంచి తీసుడే తప్పయింది. దగ్గరికి పోయి తియ్యాలె."

"గట్లనే మంచిగున్నది. గదే పెట్టుండ్రి."

"పోగు కనవడ్తలేదు చెల్లే."

"పోగులతోని మీకేం పని? లెక్కవెట్టుకోని పోయి ఏం జేస్తరు?"

మొహం మీదే అడిగేసింది. ఒకసారి మోసపోయిన ఇల్లు, మొహమాటాలు ఎక్కడివి!

"మీ లెక్కనే ఒకాయన వచ్చిండు సారూ. కూసోబెట్టి చాయ్ పోసినం. ఫోటో తీస్కపోయిండు. ఆరు నెలలు తిరగలే, మా మామ సీతాఫలం మిషిన్ల మీద అచ్చు గుద్దించి అమ్ముకున్నడు. ఒక్క చీరకు వెయ్యి ముడులు కట్టాలె రంగు అంటకుంట. గీయన కండ్లు పోయినయి కట్టి కట్టి."

"నేను గసువంటోన్ని కాదు."

"ఆయన గూడ గదే అన్నడు."

అమరేందర్ ముఖం మాడిపోయింది. భీమయ్య మూలన కుర్చీలో కూర్చున్నాడు. కళ్లకు నల్లద్దాలు.

చీర గోడకు పరిచి కట్టి ఉంది. అమరేందర్ అటు రెండడుగులు వేశాడు.

"పోనీ ఒక్కపారి తిప్పు. ఇక్కత్ రెండు దిక్కులా ఒక్కతీరుగ ఉంటది గదా, ఎనుక..."

"తిప్పేది లేదు."

నిరోష వెళ్లి చీరకు అడ్డంగా నిలబడింది. ఆయనకు ఓపిక నశించింది.

"నీ ఇష్టం. పోగు లేని ప్రింటు వాళ్లు గోడకెక్కియ్యరు. ఇంకొకల చీర పెట్టుకుంటరు, ఇంకొకల పేరు రాసుకుంటరు. నా చేతుల ఏం లేదు."

నిరోష మామ వైపు చూసింది. ఆ పేరు ఒక్కసారి గోడ మీద చూడాలని ఆయనకంటే ఆమెకే ఎక్కువ ఆశ.

"పక్కకు జరుగు బిడ్డా" అన్నాడు భీమయ్య.

"వద్దు మామా."

"జరుగు. ఎన్ని దినాలని అడ్డం నిలవడతవ్?"

ఆమె జరిగింది.

అమరేందర్ దగ్గరి లెన్సు బిగించాడు. కెమెరాను చీరకు జానెడు దూరంలో నిలిపి, దాని వెనకున్న చిన్న తెర మీదికి వంగాడు. బొమ్మను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. మీట మీద వేలు అలాగే ఉండిపోయింది. నొక్కలేదు.

ఆయన నిటారుగా లేచి నిరోషను చూశాడు. ఆమె తల దించుకుంది.

"తాతా, నువ్వొచ్చి గీ చీర ముంగట కూసో" అన్నాడు చివరికి. "గోడ మీదికి నీ చేతులు పెడ్దాం. దగ్గరి లెన్సు వాటికే. గీ చేతులు చూసినంక పోగుల సంగతి ఎవ్వరడుగుతరు?"

"మరి చీర?"

"ఎనుకనే ఉంటది."

"మసకగనా?" అడిగాడు భీమయ్య.

"మసకగనే తాతా. నీ పేరు మాత్రం సాఫ్‌గ కనవడ్తది."

భీమయ్య నేసిన చీర ఆయన కంటి ఆపరేషన్ ఖర్చుకే అమ్ముడుపోయింది. గోడకు కట్టింది, ఆ దొంగ అచ్చు గుద్దించిన వాటిలోంచి నిరోష నల్లగొండ బజార్లో కొనుక్కొచ్చిన చీర.