వచ్చే ఏడు వస్తా, ఉండు

మంచు ఇంకా విడలేదు. నాగాయలంక దాటాక మడ అడవి సగం నీళ్లలో, సగం నిద్రలో ఉంది.

ఆ బురదలో ఎవరో ఒకావిడ, పిల్లలు నాటిన మొక్క నుంచి పేరు బిళ్ల విప్పుతోంది.

పిల్లల కంటే ముందు పడవలో వచ్చిన ఉషశ్రీ టీచర్‌కి ఒళ్లు మండింది.

ఈ క్యాంపు ఆమెదే. పిల్లలు తలా ఒక మడ మొక్క నాటాలి. పేరు కట్టి, "వచ్చే ఏడు వస్తా, ఉండు" అని దానికి చెప్పాలి. మళ్లీ ఏడు వచ్చి చూసుకోవాలి. ఇన్నేళ్లలో ఒక్క మొక్కా చావలేదని విజయవాడ బెంజ్ సర్కిల్లో బస్సు కదిలింది మొదలు చెబుతూనే ఉంటుంది. పిల్లలు వింటూ వింటూ నిద్రపోతారు.

"ఏమండీ, అవెందుకు పీకుతున్నారు?"

"పీకట్లేదండి. సర్దుతున్నాను."

"మీ పిల్లలెవరన్నా మా క్యాంపులో ఉన్నారా?"

ఆవిడ బిళ్ల మీద బురదను కొంగుతో తుడిచింది.

"లేరండి."

"మరి మీకేం పని? మళ్లీ కనిపిస్తే గార్డుకి అప్పజెప్తాను."

ఆవిడ బిళ్లను పడవ అంచున పెట్టి మంచులోకి వెళ్లిపోయింది. ఉషశ్రీ దాన్ని చేతికందిన పచ్చటి మొక్కకు కట్టేసింది.

ఆ రోజే చక్రి అనే చిన్నవాడు కొత్తగా మొక్క నాటాడు. దాని చెవి ఎక్కడుందో తెలియక, ఆకు దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

ఏడాది తిరిగింది. అదే మంచు, అదే నీరు.

చక్రి బిళ్ల ఎండుపుల్లకు వేలాడుతోంది. చుట్టూ ఇంకా ఎన్నో పుల్లలు.

"వస్తానని చెప్పాగా టీచర్. ఎందుకు లేదు?"

ఉషశ్రీ వంగి ఆ పుల్లను గోటితో గీరి చూసింది.

పడవ నడిపే ఏసుపాదం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏటా సగం చస్తాయండి. మీరొచ్చే ముందు ఆవిడొచ్చి, చచ్చినవాటి బిళ్లలు పక్కన తమంతట మొలిచినవాటికి కట్టిపోయేది. మీరు కోప్పడ్డాక రాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దందండి. పిల్లలకి తెలిసిపోద్దని."

ఉషశ్రీకి తల కొట్టేసినట్టయింది. "ఎక్కడుంటారావిడ?"

"మంగళగిరి నేతవాళ్లండి. ఇల్లు తెలీదు." అతను దూరంగా ఒక ఎండుపుల్లను చూపించాడు. "అదొక్కటే ఎప్పుడూ మార్చలేదు. చూసుకోడానికి పిల్ల రాదుగా అనేది."

ఉషశ్రీ బురదలోకి దిగి వెళ్లి ఆ బిళ్లను చేతిలోకి తీసుకుంది. మంగళగిరి చీర అంచు పీలికతో కట్టి ఉంది, మీద ధనశ్రీ అన్న పేరు.

మొదటి క్యాంపులో అందరికంటే గట్టిగా "వచ్చే ఏడు వస్తా, ఉండు" అని మొక్కకు చెప్పి, ఆ వేసవిలోనే జ్వరంతో పోయిన ధనశ్రీకి ఆవిడ అమ్మ.