ఆ ఒక్క గొంతు

"జబ్బని తేలితే ఈయన్ని ఇంటికి తీసుకుపోతాను. కాదని తేలితే మాత్రం ఇటునుంచి ఇటే మా అక్క దగ్గరికి పోతాను. బట్టల సంచీ కారులోనే ఉంది," అంది భార్య.

మెదడు బొమ్మలు తీసే యంత్రం గురించి ఎవరడిగినా పరిశోధకురాలు గంటసేపు చెప్పగలదు. కాపురాలు చక్కదిద్దడం ఆమె చదువులో లేదు.

ఎవరి గురించి ఇంత గొడవో ఆ భర్త మాత్రం కిటికీలోంచి ఎదుటి మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతున్న మనిషిని శ్రద్ధగా చూస్తున్నాడు.

"చూశావామ్మా? మాట్లాడుతున్నది ఈయన గురించే. ఈయనేమో ఈ లోకంలోనే లేడు."

"వింటూనే ఉన్నాను," అన్నాడతను ఉలిక్కిపడి.

"ఏం విన్నావు?"

"బట్టలు..." అని ఆగిపోయాడు.

భార్యకి నవ్వు రాలేదు. పోయిన నెల ఆమె కంటికి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టుతో ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఎదురుచూసింది. తీసుకురావడానికి బయల్దేరిన మొగుడు, దారిలో క్రేను ఒక పెద్ద బోర్డుని పైకెత్తుతుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బోర్డు బిగించడం అయ్యాక తిన్నగా ఇంటికెళ్ళి తలుపు తీసి, ఇంట్లో ఎవరూ లేరేమిటా అని ఆశ్చర్యపోయాడట. ఇలాంటి మనిషి గురించి వింటే నవ్వొస్తుంది. వేగేవాళ్ళకి ఏడుపొస్తుంది.

"ఏకాగ్రత లోపం ఉండొచ్చని డాక్టరు అన్నాడు. మీ పరిశోధనకి పనికొస్తాడని ఇక్కడికి పంపాడు. ఉండొచ్చు అంటే నాకు చాలదమ్మా. జబ్బయితే జన్మంతా భరిస్తాను. జబ్బు కాకపోతే ఈయనకి నేనంటే లెక్కలేదన్నమాట. అది నావల్ల కాదు."

"మేడమ్, ఒక్క మనిషి స్కాన్ చూసి జబ్బుందో లేదో చెప్పలేం. చాలామందివి కలిపి చూస్తేనే వీటికి అర్థం. ఆ మాట చెప్పాల్సింది మీ డాక్టరే."

"మరి అంతసేపు ఆ గొట్టంలో పడుకోబెట్టి ఏం చూశారు? చూసిందే చెప్పు."

పరిశోధకురాలు భర్త వంక చూసింది. చెప్పమన్నట్టు అతను తలూపాడు. ఆమె కంప్యూటర్ తెరని వాళ్ళవైపు తిప్పింది. బూడిదరంగు మెదడు మీద ఎర్రచుక్కలు, నీలంచుక్కలు, వాటిని కలుపుతూ సన్నటి గీతలు.

"ఈ ఎర్రవి చేస్తున్న పని మీద మనసు నిలిపే భాగాలు. ఈ నీలంవి ఊహల్లోకి లాక్కెళ్ళేవి. మామూలుగా ఇవి పనిచేస్తుంటే అవి తగ్గి ఉంటాయి. లోపల ఈయనకి ఎవరెవరివో మాటలు వినిపించాం. కాసేపటికే రెండూ కలిసి మొదలయ్యాయి. ఒకే గదిలో రెండు రేడియోలు పెట్టినట్టు."

"అంటే జబ్బే!" భార్య మొహం తేటపడింది. మొగుడికి జబ్బుందని అంత సంతోషపడ్డ ఇల్లాలిని పరిశోధకురాలు అంతకుముందు చూడలేదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ చూసినదాంట్లో సగం చెప్పి సగం మింగడం ఆమెకి చేతకాదు.

"ఒక్కచోట తప్ప," అంది.

"ఏంటది?"

"మా దగ్గరికి వచ్చేవాళ్ళని బాగా తెలిసిన గొంతు ఒకటి రికార్డు చేసి తెచ్చుకోమంటాం. ఎవరిదని అడగం. ఈయన తెచ్చిన గొంతు వినిపించినంతసేపూ ఆ రెండో రేడియో మోగలేదు. ఒక్క మాట కూడా జారిపోలేదు. తర్వాత మేం అడిగినవన్నీ పొల్లుపోకుండా చెప్పారు."

భార్య తెర వంక చూడలేదు. మొగుడి వంక చూసింది.

"నన్నెవరూ మాట్లాడమని అడగలేదే? ఎవరిదా గొంతు?"

"అది... పాతదిలే. పద, ఇంటికి పోదాం," అన్నాడతను గొణుగుతున్నట్టు.

"వినిపించమ్మా."

"మీరు సరేనంటేనే," అంది పరిశోధకురాలు అతనితో. కాసేపు తటపటాయించి అతను సరేనన్నాడు.

స్పీకర్లోంచి ఓ ఆడగొంతు వినిపించింది. ఫోన్లో ఎవరికో దారి చెబుతోంది.

"ఆగాగు. ఎడమ పక్కకి అంటే కుడి పక్కకి పోతావేంటి?" గలగలా నవ్వింది. "పర్లేదు, వెనక్కి రా. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాలే. తొందరేం లేదు, మెల్లగా రా. మళ్ళీ చెప్పనా? ఎన్నిసార్లయినా చెప్తాను, సరేనా?"

అయిపోయింది. పక్కగదిలో యంత్రం తాలూకు పంపు టకటకమంటోంది.

భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత ఓపికో చూడు! ఎంత ముద్దుగా నవ్వుతోందో! ఇలాంటి గొంతు విన్న చెవులకి నా మాటలేం ఎక్కుతాయి?" అంటూ లేచింది. "తాళాలిలా ఇవ్వు. కారు నేను తీసుకుపోతున్నాను."

అతను తాళాలు గుప్పిట్లోనే పట్టుకున్నాడు. "దారి చెబితే సగంలో మర్చిపోతానని, అప్పట్లో ఫోన్లన్నీ రికార్డు చేసుకునేవాణ్ణి. ఇదొక్కటీ చెరిపెయ్యబుద్ధి కాలేదు."

"నాకు కథలు చెప్పకు. ఎవరది? ఎక్కడుంటుంది?"

"ఇప్పుడెక్కడుందో నాకూ తెలీదు," అన్నాడతను. "అప్పట్లో మాత్రం నీ హాస్టల్ గదిలో, నీ పేరుతోనే ఉండేది."