గంగిగడ్డకు వంతెన

యంకప్ప నడిపే పుట్టి పడవ ఒడ్డుకు తగలగానే తాలూకాఫీసు అధికారి జయతీర్థ కాలు చాచి పొడి నేల మీద దిగాడు. బూటుకు చుక్క తడి అంటలేదు.

"శభాష్ యంకప్పా, లింగసుగూరు రోడ్డు మీద జీపుల పోయినా ఇంత సుఖం ఉండదు" అని భుజం తట్టాడు. యంకప్ప ముఖం చాటంత అయింది. ఒడ్డున నిలబడి చూస్తున్న అతని పెళ్లాం అంబమ్మకు ఒళ్లు మండిపోయింది.

అధికారి ఊళ్లోకి కదలగానే ఆమె మొగుడి మీద విరుచుకుపడింది.

"ఆయన ఎందుకొచ్చిండు?"

"బ్రిడ్జి కావాల్నా వద్దా చూసి రాయనీకి."

"గట్లాంటాయనను పెండ్లికొడుకు లెక్క దింపితివి. ఇగ ఏమని రాస్తడు?"

యంకప్ప తల గోక్కున్నాడు. ఎక్కిన మనిషి కాలు తడిస్తే పుట్టి నడిపేవాడికి నామోషీ. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో అదే పట్టింపు. ఆ మాటే గొణిగితే, నీ పట్టింపు ఏట్ల కలవ అని అంబమ్మ తిట్టిపోసింది. కృష్ణానది నడిమధ్యన ముప్పై రెండు ఇళ్ల గంగిగడ్డకు ఉన్నది ఆ ఒక్క పుట్టే. ఇంట్లో కోడలు సుమంగళకు నెలలు నిండాయి, రేపు పొద్దున్నే అవతలికి దాటించి ఆస్పత్రిలో చేర్చాలి. ఈ కాన్పు ఎలాగో పుట్టి మీదే గట్టెక్కినా, వచ్చేదానికైనా వంతెన ఉండాలని అంబమ్మ ఆరాటం.

సర్కారు గంగిగడ్డ కోసం ఖర్చు పెట్టలేదంటే కళ్లు పోతాయి. అవతలి ఒడ్డున నున్నటి రాళ్లతో స్వాగత తోరణం కట్టింది. దాని కింద నుంచి నడిచి వస్తే నేరుగా నీళ్లలోకే. ఏటి మధ్యలో రెండు స్తంభాలు లేపి వదిలేసింది. కొంగలకు బాగా పనికొస్తున్నాయి. ఊళ్లో ఆస్పత్రి గది కట్టింది, నర్సును మాత్రం మరిచిపోయింది. అందులో ఇప్పుడు మేకలు ఈనుతున్నాయి.

జయతీర్థ ఇవన్నీ చూశాడు, చాయ్ తాగాడు, మూతి తుడుచుకుని తన అభిప్రాయం చెప్పాడు. పుట్టి ప్రయాణం బహు బాగుంది కాబట్టి వంతెనకు తొందరేం లేదట. ఆ సొమ్ముతో ఇవతలి ఒడ్డున కూడా ఒక తోరణం కట్టిస్తే జోడీగా అందంగా ఉంటుందట. ఊరి పెద్దలు చేతులు కట్టుకుని వింటూ నిలబడ్డారు.

"ఏరు ఎప్పుడూ గిట్లనే ఉండదు సారూ" అంది అంబమ్మ.

"నేను నా కండ్లతోని చూసిన కదమ్మా" అన్నాడాయన.

సరే, చూద్దువుగాని అనుకుంది అంబమ్మ.

తిరుగు ప్రయాణంలో మొగుడి కంటే ముందే వెళ్లి తెడ్డు పట్టుకుంది. యంకప్ప లాక్కోబోతే, పొద్దటి నుంచి అలిసిపోయినవు కూసో అని గద్దించింది. ఆమె ఏటిలో పుట్టి పెరిగిన మనిషి, తెడ్డు ఆమెకు గరిటెతో సమానం. రెండు స్తంభాల మధ్య నీళ్లు సుడి తిరిగే చోటికి రాగానే తెడ్డు పైకెత్తి ఒళ్లో పెట్టుకుంది.

పుట్టి గుండ్రటి గంప. తెడ్డు ఆగితే ఇక దాని ఇష్టం. గిర్రున తిరిగింది, ఒక పక్కకు ఒరిగింది, దోసిళ్లకొద్దీ నీళ్లు మీదికి తెచ్చింది. జయతీర్థ యంకప్ప మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఇష్టదైవాలందరినీ పిలిచాడు. తాగిన చాయ్ అక్కడే కక్కుకున్నాడు. పుట్టి మునగదని అంబమ్మకు తెలుసు. ఆయనకు తెలియదు, ఆమెకు కావలసింది కూడా అదే.

"ఇప్పుడేమని రాస్తరు సారూ?" నిమ్మళంగా అడిగింది.

"బ్రిడ్జి కావాలని రాస్తా. అర్జెంటని రాస్తా. నీ కాళ్లు మొక్కుతా, ఒడ్డుకు చేర్చు తల్లీ."

అంబమ్మ తెడ్డు నీళ్లలో వేసింది.

అవతలి ఒడ్డెక్కిన జయతీర్థ తడిసిన ప్యాంటు పిండుకుని, అక్కడ ఆగి ఉన్న తన జీపు ముందుభాగం మీద కాగితం పరిచి, అక్కడికక్కడే రాశాడు. మాట తప్పని మనిషి. రాసింది బిగ్గరగా చదివి కూడా వినిపించాడు: గంగిగడ్డ రాకపోకలు ప్రాణాంతకం, వంతెన అత్యవసరం. కింద సంతకం చేసి ముద్ర వేశాడు. ఏళ్ల తరబడి కడుపులో రగులుతున్న మంట చల్లారినట్టయింది అంబమ్మకు. చూసినవా అన్నట్టు మొగుడి వైపు తిరిగింది.

ఈలోగా జయతీర్థ కన్నడంలో ఏదో అనగానే జీపు దగ్గర కాచుకుని ఉన్న చప్రాసీ తిరుమలేశ్ వచ్చి ఆమె చేతిలోని తెడ్డు తీసుకున్నాడు. అతనూ డ్రైవరూ కలిసి పుట్టిని బోర్లించి ఎత్తి జీపు పైన వేసి తాడుతో బిగించారు.

"ప్రాణాంతకమని నేనే రాసినంక నడవనిస్తే నా నౌకరీ పోతది" అన్నాడు జయతీర్థ. "ఇయాల్టి సంది పుట్టి బంద్."

యంకప్ప ఇసుకలో కూలబడ్డాడు. అంబమ్మ జీపుకు అడ్డం నిలబడింది. గంగిగడ్డలో కోడలు నిండు చూలాలు ఒక్కతే ఉందనీ, రేపే దాటించాలనీ మొత్తుకుంది.

"ఇంతకూ మేమిద్దరం ఇంటికెట్ల పోవాలె సారూ?"

జయతీర్థ సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

"బ్రిడ్జి రానీ అమ్మా, దాని మీదికెల్లి నడుచుకుంట పోదురు."