రిలీవర్

రెండు గంటల సైరన్ మోగింది. ఐలన్న రాలేదు.

సంగప్ప బాయిలర్ హౌస్ గుమ్మంలో నిలబడి గేటు వైపు చూశాడు. రెండున్నర అయింది. మూడయింది. ఐలన్న జాడ లేదు.

బాయిలర్ దగ్గర ఒక నియమం ఉంది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి పని చేతిలోకి తీసుకునేదాకా ముందు మనిషి కదలకూడదు. లోపల నీళ్లు తగ్గితే పేలిపోతుంది మరి. ఎనిమిదేళ్ల నౌకరీలో ఎన్ని డబుల్ డ్యూటీలు చేశాడో సంగప్పకే గుర్తు లేదు.

కానీ ఈరోజు సంగతి వేరు.

నాలుగింటికి ఫ్యాక్టరీ వార్షికోత్సవం. హైదరాబాద్ నుంచి రేడియోలో పేరున్న హాస్య కళాకారుడు 'నవ్వుల నర్సింహ' వస్తున్నాడు. ఆయనకు ముందు ఐదు నిమిషాలు సంగప్పకు ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక మైకు పట్టుకోవడం ఇదే మొదలు. ఆరు నెలలుగా నీళ్ల మట్టం చూస్తూ, ఆవిరి చప్పుడులో తనకు తానే జోకులు చెప్పుకున్నాడు. భార్య సుమిత్ర కంది ఊరి నుంచి కొత్త చీర కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది.

మేనేజర్ త్రినాథరావు ముందే చెప్పాడు. "పేరు పిలిచినప్పుడు లేకపోతే అంతేనయ్యా. మళ్లీ నన్నడగొద్దు."

మూడున్నరకు సంగప్పకు ఏడుపొచ్చింది. ముప్పై ఆరేళ్ల మనిషి మసిగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమైంది తమ్మీ?"

గుమ్మంలో ఎవరో పెద్దమనిషి. నలిగిన చొక్కా, చంకన సంచి. పంపుల రిపేరుకు వచ్చిన కాంట్రాక్టు మనిషి కాబోలనుకున్నాడు సంగప్ప.

"రిలీవర్ రాలే అన్నా. అక్కడ నా పేరు పిలుస్తరు. ఐదు నిముషాలు జోకులు చెప్పాలె. గంతే. గా ఐదు నిముషాలు గూడ నా నొసట రాయలే."

పెద్దమనిషి సంచి కింద పెట్టాడు.

"పో. నేను చూసుకుంట."

"నీకేం తెలుసన్నా? ఇది బాయిలర్. పాలగిన్నె కాదు."

ఆయన నీటి మట్టం చూపే గాజు గొట్టం దగ్గరికి నడిచాడు. కింది కుళాయి తిప్పి నీళ్లు వదిలాడు. మూసి, మట్టం మళ్లీ పైకి వచ్చేదాకా చూశాడు.

"రెండో పంపు ఇంక మొరాయిస్తనే ఉందా? పరేషాన్ గాకు. సెకండ్ క్లాస్ బాయిలర్ సర్టిఫికెట్ ఉంది నాకు."

తప్పని సంగప్పకు తెలుసు. పట్టుబడితే నౌకరీ పోతుంది. అయినా పరుగందుకున్నాడు.

"తమ్మీ!" వెనక నుంచి కేక. "మొదటి జోకు నీ మీదనే ఏసుకో. గప్పుడు అందరు నీ దిక్కుంటరు."

బాయిలరే కాదు, జోకులు కూడా తెలుసట ఈయనకు!

స్టేజీ మీద సంగప్ప మైకు పట్టుకున్నాడు. ఎదురుగా మూడు వందల మంది. ఆరు నెలల జోకుల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నేను బాయిలర్ సంగప్పను," అన్నాడు. "పొద్దుగాల డ్యూటీకి వచ్చేటప్పుడు మా పిల్లగాడు నిద్రల ఉంటడు. డబుల్ డ్యూటీ చేసి పోయేసరికి మళ్ల నిద్రల ఉంటడు. మొన్న ఐతారం ఇంట్ల ఉన్న. నన్ను చూసి, 'అమ్మా, ఎవరో సుట్టమొచ్చిండు, చాయ్ పెట్టు' అన్నడు."

నవ్వులకు షెడ్డు రేకులు అదిరాయి. అందరివీ అవే ఇళ్లు మరి.

ఐదు నిమిషాలయ్యాయి. దిగబోతుంటే త్రినాథరావు పక్క నుంచి చేతులూపాడు.

"దిగకు! ఆ నర్సింహ ఇంకా రాలేదు. ఏదో ఒకటి చెప్పు!"

చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. సంగప్ప దిక్కుతోచక, రాని మనిషి మీద పడ్డాడు.

"పెద్ద కళాకారుడు ఎందుకు రాలేదో తెల్సా? పటాన్‌చెరుల బస్సు దిగంగనే మన ఫ్యాక్టరీల వాసన తగిలింది. అదే బస్సుల వాపస్ పోయిండు. ఆయన నవ్వుల నర్సింహ కాదు, డుమ్మాల నర్సింహ!"

ఈలలు, చప్పట్లు. ఇక సంగప్ప ఆగలేదు. గంటసేపు ఆ నర్సింహను ఉతికి ఆరేశాడు. ముందు వరసలో సుమిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పెళ్లయ్యాక ఆమె అంతగా నవ్వగా సంగప్ప చూడలేదు.

చివర్లో త్రినాథరావు మైకు అందుకున్నాడు.

"మాటిచ్చి ఎగ్గొట్టిన ఆ మనిషిని ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ వాళ్లూ పిలవకుండా నేను చూసుకుంటాను. మనకు మన సంగప్ప చాలు!"

మెడలో వేసిన శాలువాతోనే సంగప్ప బాయిలర్ హౌస్‌కు పరుగెత్తాడు. ఆ పెద్దమనిషి కాళ్లు మొక్కాలనిపించింది.

అక్కడ ఐలన్న ఒక్కడే ఉన్నాడు.

"గా పెద్దమనిషి ఏడి?"

"ఇప్పుడే పోయిండు. నీ మాటలన్ని మైకుల ఇన్నడు. డుమ్మాల నర్సింహ అంటే కడుపు పట్టుకొని నవ్విండు."

"ఎవరన్నా ఆయన?"

ఐలన్న తల వంచుకున్నాడు.

"నువ్వు రాకముందుగాల ఈ బాయిలర్ మీదనే చేసెటోడు. గిసొంటి దినమే, ఒక్కసారి స్టేజీ ఎక్కుతా, జల్దీ రా ఐలన్నా అని బతిమాలిండు. గా దినం గూడ నేను రాలే. తెల్లారి నౌకరి ఇడిసిపెట్టి పోయిండు."

సంగప్ప మెడలోని శాలువా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇక అడగకూడదనుకున్నాడు. ఐలన్నే చెప్పాడు.

"ఇయ్యాల నేను నాలుగున్నరకు వచ్చి, 'నర్సింహన్నా, ఇగ నువ్వు పో, జనం నీ కోసమే కూసున్నరు' అంటే, 'తమ్ముడు ఇప్పుడే అందుకున్నడు, నేను పోతే దిగాల్సొస్తది' అన్నడు."